పాత ల్యాప్‌టాప్‌కి ప్రాసెసర్, ర్యామ్ మార్చాలా? కొనేముందు చూసుకోవాల్సిన లెక్క

ల్యాప్‌టాప్ ఆన్ చేసి, లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చినా తెర మీద ఇంకా ఆ గుండ్రటి చుక్కలే తిరుగుతుంటే ఎవరికైనా మొదట తట్టేది ఒకటే: ర్యామ్ పెంచితే సరిపోతుందేమో. ఆ తర్వాత ఇంకో ఆశ: ప్రాసెసర్ కూడా మార్చేస్తే కొత్తదానిలా పరిగెడుతుందేమో. నేనూ ఒకసారి ఇలాగే 4 జీబీ ఉన్న మెషీన్‌లో ఇంకో 4 జీబీ కొని పెట్టాను. ఆన్ అవడానికి ముందు ఎంతసేపు పట్టిందో తర్వాతా అంతే పట్టింది. అసలు దొంగ హార్డ్‌డిస్క్. డబ్బులు పోయినందుకు కాదు, టాస్క్ మేనేజర్ ఒక్కసారి తెరిచి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేదని తర్వాత తెలిసి ఒళ్లు మండింది.

అందుకని వరస ఇలా పెట్టుకోండి. ముందు కొలవడం, తర్వాత మూత విప్పి చూడడం, కొనడం అన్నిటికన్నా ఆఖర్న.

మొదటి అడుగు: నెమ్మదించినప్పుడే కొలవండి

ల్యాప్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు అంకెలు చూస్తే ఏమీ తెలియదు. జ్వరం ఉన్నప్పుడే కదా థర్మామీటర్ పెట్టేది. ఒకసారి రీస్టార్ట్ చేసి, రోజూ చేసే పనే చెయ్యండి: మామూలుగా తెరిచే ట్యాబులన్నీ తెరవండి, ఆ పెద్ద ఎక్సెల్ ఫైలు, వీడియో కాల్ ఏదుంటే అది పెట్టండి. పనిలో పనిగా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మూడు టైములు రాసుకోండి: బటన్ నొక్కినప్పటి నుంచి నిజంగా పని మొదలుపెట్టగలిగేదాకా ఎంత, బ్రౌజర్ తెరుచుకోవడానికి ఎంత, మీ ఫైళ్లలో బరువైనది తెరుచుకోవడానికి ఎంత. ఆ కాగితం పారేయకండి, ఆఖర్న కావాలి.

విసుగు పుట్టేంత నెమ్మదించిన ఆ సమయంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్‌ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ మూడు గ్రాఫులూ చూడండి.

సీపీయూ 20 శాతం దగ్గర తీరిగ్గా ఉండి, డిస్క్ మాత్రం 100 దగ్గర అతుక్కుపోయి ఉంటే సగం కథ తెలిసినట్టే. సగమే ఎందుకంటే, ర్యామ్ నిండిపోతే విండోస్ అందులోని సామాను కొంత డిస్క్ మీదకి దించుతుంది, అవసరమైనప్పుడు మళ్లీ ఎక్కిస్తుంది. ఆ దించుడూ ఎక్కించుడూ వల్ల కూడా డిస్క్ 100 చూపిస్తుంది. అంటే చూడ్డానికి డిస్క్ రోగం, లోపల ర్యామ్ రోగం. తేడా తెలియాలంటే అదే సమయంలో మెమరీ గ్రాఫ్ చూడాలి. మెమరీ 60 శాతమే ఉండి డిస్క్ 100 ఉంటే తప్పు డిస్క్‌దే. మెమరీ 90 దాటి ఉంటే దాని కింద ‘కమిటెడ్’ అని ఉన్న చోట రెండు అంకెలు చూడండి. 4 జీబీ మెషీన్‌లో అక్కడ మొదటి అంకె 6.5 అని ఉందనుకోండి, ప్రోగ్రాములన్నీ కలిపి అడిగింది ఆరున్నర జీబీ, మీ దగ్గరున్నది నాలుగు. ఇది ర్యామ్ పెంచాల్సిన కేసు. ఎంత పెంచాలో కూడా ఆ అంకే చెబుతుంది: దానికి కాస్త పైన ఉండే సైజు, అంటే 8.

ఒక మాట. 16 జీబీ ఉన్న మెషీన్‌లో మెమరీ 70 శాతం కనబడిందని కంగారు పడకండి. ర్యామ్ ఎక్కువుంటే సిస్టమ్ కూడా కొంచెం ధారాళంగానే వాడుకుంటుంది. ర్యామ్ నిండుగా ఉండడం జబ్బు కాదు, పొంగిపొర్లడం జబ్బు.

మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెషర్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది. పచ్చగా ఉన్నంతకాలం ర్యామ్ జోలికి పోనక్కర్లేదు, ఎర్రబడుతుంటే చాలట్లేదని అర్థం. లైనక్స్ వాడేవాళ్లు సిస్టమ్ మానిటర్‌లో స్వాప్ (డిస్క్ మీదకి దించిన మెమరీ) ఎంత నిండిందో చూస్తే చాలు.

ఇక సీపీయూ. అది నిమిషాల తరబడి 100 దగ్గర ఉంటే, ముందు ప్రాసెసెస్ ట్యాబ్‌లో దాన్ని తింటున్నది ఎవరో చూడండి. చాలాసార్లు అది అప్‌డేటో, యాంటీవైరస్ స్కానో అయి ఉంటుంది. మీరు చేసే పనే తింటోందని తేలితే, పెర్‌ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ గ్రాఫ్ కింద స్పీడ్ అంకె చూడండి. బేస్ స్పీడ్ 2.5 గిగాహెర్ట్జ్ అని రాసి ఉండి, పని నెత్తి మీద ఉన్నప్పుడు కూడా 0.8 దగ్గర పాకుతోందంటే ప్రాసెసర్ చాలక కాదు, దాన్ని ఎవరో పట్టి ఆపుతున్నారు. అది రెండో అడుగు.

రెండో అడుగు: వేడి, దుమ్ము, ఛార్జర్

ప్రాసెసర్ ఒక హద్దు దాటి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లకు ఆ హద్దు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ పెట్టి, పని చేస్తుండగా టెంపరేచర్ చూడండి. తొంభైల్లో తిరుగుతుంటే ఏ భాగమూ కొనకముందే మూత విప్పండి.

నేను విప్పిన ఒక మెషీన్‌కి బయట గాలి రంధ్రాలు శుభ్రంగానే ఉన్నాయి. ఫ్యాన్ విప్పి చూస్తే, ఫ్యాన్‌కీ దాని ముందున్న సన్నటి లోహపు రెక్కలకీ మధ్య బూడిదరంగు దుప్పటి ముక్క ఒకటి ఇరికించినట్టుంది. పట్టకారుతో కొస పట్టి లాగితే చిరగకుండా చాపలా లేచి వచ్చింది. అన్నేళ్ల దుమ్ము. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు భాగం) కింద ఆ వేడిని అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి సున్నం పెచ్చులా రాలింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి బిగించాను. మూడేళ్లుగా ‘ప్రాసెసర్ పాతబడిపోయింది’ అని ఆ మెషీన్ మోసిన నింద ఆ సాయంత్రంతో పోయింది.

మీరు గాలి కొట్టి శుభ్రం చేస్తుంటే ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి. వదిలేస్తే బొంగరంలా తిరిగి బేరింగ్ పాడవచ్చు.

ఛార్జర్ కూడా ఒకసారి చూడండి. అసలు ఛార్జర్ పోయి తక్కువ వాట్స్‌ది వాడుతుంటే, లేదా బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంటే, కొన్ని ల్యాప్‌టాప్‌లు కావాలనే ప్రాసెసర్ వేగం తగ్గించేస్తాయి.

మూడో అడుగు: ప్రాసెసర్ అసలు ఊడుతుందా?

ఎక్కువమందికి జవాబు ఊడదనే. డెస్క్‌టాప్‌లో మారుస్తారు కాబట్టి ల్యాప్‌టాప్‌లోనూ మార్చొచ్చనుకుంటాం. ఇంటెల్ కోర్ వరసలో 4వ తరం, అంటే 2013లో వచ్చిన హాస్వెల్ దాకా, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చునేది. 5వ తరం నుంచి ల్యాప్‌టాప్ కోసం చేసిన చిప్‌లు బోర్డుకే సోల్డర్ అయి (టంకంతో అతికి) వస్తున్నాయి. ఏఎమ్‌డీ రైజెన్ ల్యాప్‌టాప్ చిప్‌లదీ అదే దారి. డెస్క్‌టాప్ ప్రాసెసర్ పెట్టి అమ్మిన కొన్ని భారీ గేమింగ్ మెషీన్లు మినహాయింపు, వాటిని ఒళ్లో పెట్టుకునేవాళ్లు కూడా తక్కువే.

మీది ఏదో తెలుసుకోవడానికి ప్రాసెసర్ పేరు చివరి అక్షరాలు చూడండి. యూ, వై, హెచ్, హెచ్‌క్యూ అని ఉంటే సోల్డర్ చేసిందే, ఈ అడుగు వదిలేసి ర్యామ్ దగ్గరకి వెళ్లిపోండి. ఎమ్, క్యూఎమ్, ఎమ్‌క్యూ అని ఉంటే ఆశ ఉంది. 4వ తరంలో ఎమ్‌క్యూ ఊడుతుంది, హెచ్‌క్యూ ఊడదు, ఒక్క అక్షరం తేడా. 2, 3 తరాల్లో ఎమ్ అని ఉన్న చిప్‌లు కొన్ని రెండు రకాలుగానూ వచ్చాయి కాబట్టి, సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో ‘ప్యాకేజ్’ అని ఉన్న గడి చూడండి. అక్కడ పీజీఏ అని ఉంటే సాకెట్, బీజీఏ అని ఉంటే సోల్డర్. ఆ ప్రోగ్రామ్ కూడా అప్పుడప్పుడు పొరబడుతుంది, కాబట్టి కొనేముందు హీట్‌సింక్ విప్పి కళ్లతో చూడడమే నమ్మకం. సాకెట్ అయితే చిప్ పక్కన గీత ఉన్న చిన్న స్క్రూ కనబడుతుంది.

సాకెట్ ఉందని తేలాక ఏ చిప్ పడితే అది పట్టదు. 2, 3 తరాలకు జీ2 సాకెట్, 4వ తరానికి జీ3. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో కూర్చోదు. 2, 3 తరాల సాకెట్ ఒకటే అయినా చిప్‌సెట్ (బోర్డు మీద ప్రాసెసర్‌కి తోడుండే చిప్), బయోస్ (ఆన్ అవగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రామ్) రెండూ ఒప్పుకుంటేనే పని జరుగుతుంది, అందుకని ఉన్న తరంలోనే పై చిప్ చూసుకోవడం మేలు. బయోస్ ఒప్పుకోకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు: ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది. పాత చిప్ మళ్లీ పెడితే ఏమీ ఎరగనట్టు ఆన్ అయింది. ఆ తిప్పలు లేకుండా ఉండాలంటే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ వెతికి, విడిభాగాల జాబితాలో ప్రాసెసర్ల పేర్లు చూడండి. మీ మోడల్‌ని కంపెనీ ఏ ఏ చిప్‌లతో అమ్మిందో అందులో ఉంటుంది. ఆ జాబితాలో ఉన్నదాన్నే కొనండి.

వాట్స్, అంటే చిప్ పుట్టించే వేడి లెక్క, కూడా చూడాలి. ఉదాహరణకి కోర్ ఐ5-3210ఎమ్ ఉన్న ల్యాప్‌టాప్ తీసుకోండి. రెండు కోర్లు (ఒకేసారి విడివిడిగా పనిచేసే భాగాలు), 35 వాట్స్. దాని స్థానంలో ఐ7-3632క్యూఎమ్ పెడితే నాలుగు కోర్లు, అదే 35 వాట్స్, ఉన్న హీట్‌సింక్ సర్దుకోగలదు. ఐ7-3740క్యూఎమ్ అయితే 45 వాట్స్. రెండు కోర్ల చిప్ కోసం చేసిన చిన్న హీట్‌సింక్ ఆ అదనపు పది వాట్లని మొయ్యలేక మళ్లీ రెండో అడుగులో చెప్పిన చోటికే వస్తారు.

ఇంత కష్టపడి మారిస్తే వచ్చేదేంటి? ఈ ఉదాహరణలోనే లెక్క చూడండి. ఐ5-3210ఎమ్ గరిష్ఠ వేగం 3.1 గిగాహెర్ట్జ్, ఐ7-3632క్యూఎమ్‌ది 3.2. ఒక్కో కోర్ దాదాపు అదే వేగం. వీడియో కన్వర్ట్ చెయ్యడం, పెద్ద ప్రోగ్రామ్ కంపైల్ చెయ్యడం లాంటి అన్ని కోర్లనీ వాడే పనులు సగం టైములో అయిపోవచ్చు. కానీ పేజీ తెరవడం, ఫైలు సేవ్ చెయ్యడం, టైప్ చెయ్యడం ఎక్కువగా ఒకటి రెండు కోర్ల మీదే నడుస్తాయి, అక్కడ తేడా పెద్దగా తెలియదు. మీరు మొదటి రకం పనులు రోజూ చేసేవాళ్లయితే ఆలోచించొచ్చు. బ్రౌజింగ్ కోసమైతే నేను చెయ్యను.

ఇంకో మెలిక. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి పైకి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగంతో సహా ఉండాలి. అంటే డెస్క్‌టాప్ చిప్ పెట్టిన ఆ గేమింగ్ మెషీన్లు తప్ప, ప్రాసెసర్ ఊడే ల్యాప్‌టాప్ ఏదైనా ఆ గీతకి ఇవతలే ఉంటుంది. అందులో అన్నిటికన్నా పెద్ద చిప్ పెట్టినా గీత దాటదు. లైనక్స్ పెట్టుకుంటామంటే అది వేరే కథ, అప్పుడు ఈ గీత మిమ్మల్ని ఆపదు.

సోల్డర్ చేసిన చిప్‌ని ఊడబీకి కొత్తది అతికిస్తామనేవాళ్లు ఉంటారు. చెయ్యలేరని కాదు, వయసైపోయిన బోర్డుని అంత వేడికి గురిచెయ్యడం పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం. అంతకంటే అదే మోడల్‌కి పెద్ద చిప్ ఉన్న మదర్‌బోర్డ్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మార్చుకోవడం నయం, అదీ ఐదో అడుగులో లెక్క కుదిరితేనే.

నాలుగో అడుగు: ర్యామ్ ఎంత పడుతుంది, ఏ రకం?

టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే ‘స్లాట్స్ యూజ్డ్’ అని ఉంటుంది. రెండింటిలో ఒకటి వాడుతున్నట్టు చూపిస్తే ఒక స్లాట్ ఖాళీ. ‘ఫామ్ ఫ్యాక్టర్’ దగ్గర ఎస్‌ఓడిమ్ అని ఉంటే ఊడే స్టిక్. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్ బోర్డుకే సోల్డర్ అయి ఉందని. పల్చటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఇంతే, ఎల్‌పీడీడీఆర్ (తక్కువ కరెంటు తినే ర్యామ్ రకం) అని ఉన్నవన్నీ దాదాపు ఈ కోవే. 2012 నుంచి వచ్చిన రెటీనా తెర మ్యాక్‌బుక్ ప్రోలలో కూడా ర్యామ్ మార్చే వీలు లేదు. కొన్నింటిలో కొంత బోర్డు మీద, ఇంకొంత స్లాట్‌లో ఉంటుంది. స్లాట్ల లెక్క కూడా ఒక్కోసారి తప్పు చూపిస్తుంది, కాబట్టి ఇక్కడా కళ్లే సాక్ష్యం. పాత మోడళ్లలో ఒక స్లాట్ వెనక మూత కింద, రెండోది కీబోర్డ్ కింద దాక్కుని ఉండడమూ కద్దు.

రకం కలవాలి. డీడీఆర్3 స్టిక్‌కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262, గాడి చోటు కూడా వేరు, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు. నిజంగా మోసపోయేది డీడీఆర్3కీ డీడీఆర్3ఎల్‌కీ మధ్య, ఎందుకంటే రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండూ స్లాట్‌లో దిగుతాయి. మామూలు డీడీఆర్3ది 1.5 వోల్టులు, ఎల్ ఉన్నదానిది 1.35. ఎల్ రకం రెండు వోల్టేజీల్లోనూ నడుస్తుంది, మామూలుది తక్కువ వోల్టేజీలో నడవదు. 4వ తరం ల్యాప్‌టాప్‌లు ఎల్ రకాన్నే అడుగుతాయి. సందేహం ఉంటే ఎల్ కొనండి, అది పాతవాటిలోనూ సర్దుకుపోతుంది.

ఎంత పడుతుందనేది ప్రాసెసర్ వివరాల పేజీలో ‘మాక్స్ మెమరీ సైజ్’ అని ఇస్తారు. దానితో పాటు ల్యాప్‌టాప్ కంపెనీ చెప్పిన హద్దు కూడా చూడండి, రెండింటిలో ఏది తక్కువైతే అది నమ్ముకుంటే నష్టపోరు. కోర్ 2 డ్యుయో కాలంనాటి మెషీన్లలో చాలావాటికి హద్దు 4 లేదా 8 జీబీ. అప్పటి మెషీన్లలో 32-బిట్ విండోస్ ఉండిపోయి ఉంటే మాత్రం ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ దాటి వాడుకోదు, ముందు 64-బిట్‌కి మారాలి.

ఒక స్టిక్ ఉన్నచోట రెండోది పెడితే సైజే కాదు, రెండు దారుల్లో ఒకేసారి డేటా నడుస్తుంది. దాన్నే డ్యుయల్ ఛానెల్ అంటారు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి గేమ్స్‌లో తేడా కనబడుతుంది. వేగం తక్కువ ఉన్న స్టిక్‌తో ఎక్కువ ఉన్నది కలిపితే రెండూ తక్కువ వేగంలోనే నడుస్తాయి. ఎక్కువ వేగమున్నది వెతికి మరీ కొనక్కర్లేదన్నమాట.

ఐదో అడుగు: మెషీన్ మొత్తాన్ని చూసి లెక్క కట్టండి

నా లెక్క మొరటుది. మార్చాలనుకున్న భాగాలన్నిటి ధర కలపండి. దానికి త్వరలో ఎలాగూ మార్చాల్సినవి కూడా కలపండి: ఉబ్బిన బ్యాటరీ, వదులైన హింజి, రంగు మారిన తెర. ఆ మొత్తం, రెండు మూడు తరాలు కొత్తదైన సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ధరలో సగం దాటితే ఆగిపోతాను. బ్యాటరీ ఉబ్బి ఉంటే అది ఉత్త ఖర్చు లెక్క మాత్రమే కాదు, ముందు తీసి పక్కన పెట్టాల్సిన ప్రమాదం.

కొలతల్లో డిస్క్ దొంగని తేలిందా, ఇంకా తిరిగే హార్డ్‌డిస్కే ఉందా? అయితే ర్యామ్, ప్రాసెసర్ రెండూ పక్కన పెట్టి ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) వెయ్యండి. తిరిగే డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లు చదవాలంటే సెకనుకి వంద చోట్లకి వెళ్లి రావడమే గగనం, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ వేలల్లో చదువుతుంది. పదేళ్ల మెషీన్‌కి కూడా ఇది చేస్తే ఇంట్లోవాళ్లు ‘కొత్తది కొన్నావా’ అని అడుగుతారు. కమిటెడ్ అంకె ర్యామ్‌ని దాటిపోతోంది, స్లాట్ ఉంది అంటే ర్యామ్ వెయ్యండి. రెండూ కలిస్తే రెండూ చెయ్యండి, ఎస్‌ఎస్‌డీ ముందు. ర్యామ్ సోల్డర్ అయి 4 జీబీ దగ్గర ఆగిపోయి ఉంటే ఆ మెషీన్‌కి చాకిరీ తగ్గించండి: తేలికైన లైనక్స్, ఒకటి రెండు ట్యాబులు, సినిమాలు. ప్రాసెసర్ మార్పు మాత్రం మూడు కలిస్తేనే: సాకెట్ ఉండాలి, అన్ని కోర్లూ వాడే పని రోజూ ఉండాలి, చిప్ చవగ్గా దొరకాలి. లేదా విప్పి చూడ్డమంటే సరదా ఉండాలి, అది కారణం కాదని నేననను.

ఆరో అడుగు: బిగించడం

షట్‌డౌన్ చేసి, ఛార్జర్ పీకి, బ్యాటరీ తీసేయండి. లోపల ఉండే బ్యాటరీ అయితే మూత విప్పగానే మొదట దాని కనెక్టర్ ఊడదీయండి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఏదైనా లోహపు వస్తువు ముట్టుకుని, ఒంట్లో స్టాటిక్ పోయాక చెయ్యి పెట్టండి. స్క్రూలు ఏ చోటివి ఆ చోట కాగితం మీద బొమ్మ గీసి గుచ్చి పెట్టుకోండి, పొడుగు స్క్రూ పొట్టి చోట బిగిస్తే కీబోర్డ్ వైపు పొడుచుకొస్తుంది.

ర్యామ్ తేలిక. రెండు పక్కల క్లిప్పుల్ని బయటికి తోస్తే పాత స్టిక్ దానంతటదే వాలుగా లేస్తుంది. కొత్తదాన్ని గాడి చూసుకుని అదే వాలులో లోపలికి నెట్టండి. బంగారు రంగు పిన్నులు దాదాపు కనబడకుండా పోవాలి. అప్పుడు కిందికి నొక్కితే రెండు పక్కలా ఒకేసారి ‘టక్’మంటుంది. ఒక పక్కే టక్‌మంటే సరిగా దిగలేదని, తీసి మళ్లీ పెట్టండి.

ప్రాసెసర్‌కైతే హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని ఉంటాయి. విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి, బిగించేటప్పుడు ఒకటి నుంచి, ఒక్కోటీ కొంచెం కొంచెంగా తిప్పాలి. సాకెట్ స్క్రూని అన్‌లాక్ గుర్తు వైపు తిప్పితే చిప్ చేతికి వచ్చేస్తుంది. కొత్తదాని మూలనున్న చిన్న త్రికోణాన్ని సాకెట్ గుర్తుతో కలిపి పైన వదలండి. దాని బరువుకే కూర్చోవాలి. నొక్కాల్సి వచ్చిందంటే తప్పుగా పెట్టారు, పిన్ను వంగిందంటే ఆ చిప్ మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు.

ఏడో అడుగు: పెట్టాక

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కాసేపు నల్లగా ఉంటే గుండె జారిపోనక్కర్లేదు. కొత్త ర్యామ్‌ని సిస్టమ్ పరిచయం చేసుకుంటోంది, డీడీఆర్5 అయితే ఇంకొంచెం ఎక్కువసేపే పడుతుంది. రెండు మూడు నిమిషాలైనా రాకపోతే ఆపి, స్టిక్ మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి, అప్పటికీ రాకపోతే ఒక్కో స్టిక్‌తో విడిగా ఆన్ చేసి చూడండి.

వచ్చాక బయోస్‌లో మొత్తం ర్యామ్ కనబడుతోందో లేదో చూసి, రాత్రి పడుకునేముందు మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ పెట్టి వదిలేయండి. పొద్దున్నే ఒక్క ఎర్రర్ ఉన్నా ఆ స్టిక్ వెనక్కిచ్చేయండి. ‘ఒక్కటే కదా’ అని ఉంచుకుంటే నెలలు గడిచాక ఏదో ఫైలు తెరుచుకోనప్పుడు కారణం ఎక్కడుందో దొరకదు. తర్వాత మొదట్లో రాసుకున్న కాగితం తీసి, అవే మూడు పనులు మళ్లీ చేసి స్టాప్‌వాచ్ టైములు పక్కన రాయండి. తేడా లేదంటే వెనక్కిచ్చే గడువు ఇంకా ఉండగానే స్టిక్ ఊడదీయండి. నేను ఆ కాగితం మొదటిసారి రాసుకోలేదు, అందుకే ఆ 4 జీబీ స్టిక్ ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది.